షాఫ్టుకు మట్టం: 450 తరగతి హెలికాప్టర్ స్వాష్‌ప్లేట్ సరిచేసిన డైరీ

మొదటి శనివారం, రాత్రి

నా 450 తరగతి (ఇది పరిమాణాన్ని చెప్పే అంకె) రేడియో కంట్రోల్ హెలికాప్టర్‌కు కొన్ని నెలలుగా ఒక వింత జబ్బు ఉంది. గాలిలో ఒకచోట నిలబెడితే చక్కగానే నిలుస్తుంది. ఎక్కించడానికీ దించడానికీ వాడే కలెక్టివ్ కర్రను ఒక్కసారిగా పైకి నెడితే మాత్రం ముక్కు కాస్త లేచి, యంత్రం వెనక్కీ కుడివైపుకూ ఒరిగి, ఆ తర్వాతే నిటారుగా ఎక్కుతుంది. కర్రను కిందికి లాగితే వెనక్కి ఒరగడం ఉండదు, ఎడమవైపుకు వాలుతుంది. మొదట గాలిని అనుమానించాను. తర్వాత, హెలికాప్టర్‌ను నిలకడగా ఉంచే ఎలక్ట్రానిక్ పెట్టె అయిన ఫ్లైబార్‌లెస్ యూనిట్‌లోని జైరోను (ఒరగడాన్ని పసిగట్టే భాగం) అనుమానించి దాని గెయిన్ (స్పందన తీవ్రత) పెంచాను. ఒరగడం కొంత తగ్గింది గానీ, హెలికాప్టర్ మొత్తం సన్నగా వణకడం మొదలుపెట్టింది. యంత్రంలో ఉన్న వంకరను జైరో చేత మోయించడం సరైన పద్ధతి కాదని తెలిసి కూడా రెండు నెలలు అలాగే ఎగరేశాను. ఈ రాత్రి తల (రెక్కలను పట్టి ఉంచే పై భాగం) విప్పి, స్వాష్‌ప్లేట్‌ను మొదటినుంచీ మళ్ళీ అమర్చాలని నిర్ణయించుకున్నాను.

స్వాష్‌ప్లేట్ గురించి కొత్తవారి కోసం రెండు మాటలు చెప్పుకోవాలి. మెయిన్ షాఫ్ట్ మీద పైకీ కిందికీ జారే ఒక గోళాకారపు బుషింగ్ ఉంటుంది. దాని చుట్టూ, అటూ ఇటూ వాలగలిగే రెండు వలయాలు ఒకదానిపై ఒకటి, మధ్యలో బేరింగుతో కూర్చుని ఉంటాయి. కింది వలయం తిరగదు. దానికి 120 డిగ్రీల దూరంలో మూడు బాల్స్ (లింకు కడ్డీలు తగిలించే చిన్న గుండ్లు), ఒక్కొక్క బాల్‌కు ఒక్కొక్క సర్వో (ఆజ్ఞ మేరకు తిరిగే చిన్న మోటారు) ఉంటాయి. పై వలయం షాఫ్ట్‌తో పాటు తిరుగుతూ, ఆ కదలికను లింకుల ద్వారా రెక్కలను పట్టి ఉంచే భాగాలకు అందిస్తుంది. మూడు సర్వోలూ ఒకేసారి ఎత్తితే రెండు రెక్కల కోణమూ సమానంగా పెరుగుతుంది, దాన్నే కలెక్టివ్ అంటాం. పళ్లెం (స్వాష్‌ప్లేట్‌ను నేను అనే పేరు) ఒకవైపు వాలితే రెక్క ఒక్కో చుట్టులో ఒకచోట ఎక్కువ కోణం, దానికి ఎదురుగా తక్కువ కోణం తీసుకుంటుంది, అది సైక్లిక్. ఈ అమరికను రష్యన్ ఇంజినీరు బోరిస్ యూరియెవ్ 1911లో రూపొందించాడు. మనుషులు ఎక్కే హెలికాప్టర్లలో నేటికీ పనిచేస్తున్న సూత్రమే నా బల్ల మీది 325 మి.మీ. రెక్కల బొమ్మలోనూ పనిచేస్తోంది.

పని మొదలుపెట్టే ముందు మోటారు నుంచి స్పీడ్ కంట్రోలర్‌కు వెళ్ళే మూడు తీగలనూ విడదీసి, రెక్కలు తీసి పక్కన పెట్టాను. ట్రాన్స్‌మిటర్‌లో వేలు పొరపాటున థ్రాటిల్ మీద పడితే బల్ల మీద తిరగడం మొదలుపెట్టే రెక్క వేళ్ళను లెక్కచేయదు. ఈ ఒక్క విషయంలో నాకు తొందరా లేదు, బద్ధకమూ లేదు.

ట్రాన్స్‌మిటర్‌లో కొత్త మోడల్ తెరిచి ట్రిమ్ములు, సబ్ ట్రిమ్ములు (సర్వో మధ్యస్థానాన్ని కాస్త జరిపే సవరణలు) అన్నీ సున్నా చేశాను. స్వాష్ మిక్సింగ్‌ను (ఒక ఆజ్ఞను మూడు సర్వోలకూ పంచడం) మామూలు ఒక సర్వో పద్ధతిలో ఉంచాను. నా యూనిట్‌లో 120 డిగ్రీల మిక్సింగ్ యూనిట్ లోపలే జరుగుతుంది. ట్రాన్స్‌మిటర్‌లో కూడా అదే మిక్సింగ్ పెడితే రెండుసార్లు కలిసి, కలెక్టివ్ పెంచినప్పుడు పళ్లెం ఎటో వాలుతుంది. ట్రాన్స్‌మిటర్‌లోని సబ్ ట్రిమ్‌నూ ముట్టకూడదు, ఎందుకంటే యూనిట్ దానిని పైలట్ ఇచ్చిన ఆజ్ఞగా చదువుకుంటుంది. సర్వోల మధ్యస్థానం సవరించాలంటే యూనిట్ సెటప్‌లోనే సవరించాలి.

ఆదివారం

ముందు షాఫ్ట్ సంగతి చూశాను. తల విప్పి, 5 మి.మీ. షాఫ్ట్‌ను బయటికి తీసి, అద్దపు పలక మీద దొర్లించి, కింది సందులోంచి వెలుతురు చూశాను. ఒక చుట్టులో ఒకచోట సన్నని వెలుగు గీత వచ్చి పోతోంది. క్రితం సంవత్సరం నేల తగిలినప్పుడు వంగి ఉంటుంది. అప్పుడు కంటితో చూసి బాగుందనుకున్నాను. వంగిన షాఫ్ట్ మీద ఏ పళ్లాన్ని మట్టం చేసినా, షాఫ్ట్ సగం చుట్టు తిరిగేసరికి ఆ మట్టం మారిపోతుంది. పెట్టెలో ఉన్న కొత్త షాఫ్ట్ వేశాను.

మట్టం అంటే దేనికి మట్టం? ఈ ప్రశ్న దగ్గర నేను రెండేళ్ళ కిందట తప్పు చేశాను. హార్డ్‌వేర్ షాపులో దొరికే చిన్న రసమట్టాన్ని స్వాష్‌ప్లేట్ మీద పెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా లింకులు తిప్పాను. బుడగ చెప్పేది నేలకు మట్టం. హెలికాప్టర్ బల్ల మీద నిలబడేది స్కిడ్ల (కింది కాళ్ల) మీద. నా స్కిడ్లలో ఒకటి అప్పటికే కాస్త ఒంగి ఉంది, బల్ల కూడా డాబా వాలుకు తగ్గట్టుగా వాలి ఉంది. పళ్లెం నేలకు సమంగా ఉన్నంత మాత్రాన రెక్కలకు ఒరిగేదేమీ లేదు. అవి తిరిగేది షాఫ్ట్ చుట్టూ కాబట్టి, పళ్లెం షాఫ్ట్‌కు అన్ని దిక్కులా సరిగ్గా లంబంగా ఉండాలి. షాఫ్ట్ ఎటు వాలి ఉన్నా, హెలికాప్టర్ పక్కకు పడుకుని ఉన్నా ఆ లంబం చెడకూడదు.

కాబట్టి కావలసింది షాఫ్ట్‌నే ఆధారంగా తీసుకునే పరికరం. లెవెలింగ్ టూల్ పేరుతో షాఫ్ట్ మీదికి దిగే అలాంటి బిళ్ళలు అమ్ముతారు. తెప్పించుకునే ఓపిక లేక ఒకటి చేయించుకోవాలని బొమ్మ గీసుకున్నాను. అల్యూమినియం కడ్డీ, మధ్యలో 5 మి.మీ. రంధ్రం, కింది ముఖం మీద నడుమ గుంట, చుట్టూ 22 మి.మీ. వ్యాసంతో ఒక సన్నని అంచు. ఆ అంచు పై వలయపు చదును మీద కూర్చుంటుంది; బుషింగ్ పైకి పొడుచుకు వచ్చే భాగం గుంటలోకి వెళ్ళిపోతుంది.

బుధవారం, సాయంత్రం

విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక లేత్ షాపు ఉంది. లారీల బుష్షులు, పిన్నులు చేసేచోటికి బొటనవేలంత పని తీసుకువెళ్ళడం కొంచెం మొహమాటంగానే ఉంటుంది. "బాబాయ్, ఈ బొక్కా, ఈ అంచూ రెండూ చక్ నుంచి ఊడదీయకుండా ఒకే పట్టులో అవ్వాలి" అన్నాను. ఆయన కాగితం చూసి, "ఒకే పట్టులో చేస్తే తేడా ఎందుకొస్తది అబ్బాయ్, తిప్పి పట్టుకుంటేనే వస్తది" అన్నాడు. అదే నా భయం కూడా. రంధ్రం ఒకసారి, ముఖం ఇంకొకసారి పట్టుకుని చేస్తే రెండింటి మధ్య లంబం చక్ (లేత్‌లో ముక్కను పట్టే భాగం) దవడల దయ మీద ఆధారపడుతుంది. ముందు ఫేసింగ్ (ముఖం చదును) చేసి, సన్న డ్రిల్లుతో రంధ్రం వేసి, చివర రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే 5 మి.మీ. రీమర్ దింపి, గుంట తీసి, అన్నీ అయ్యాకే కోసి కింద పడేశాడు. పావుగంట పని. షాఫ్ట్ ముక్క తీసుకువెళ్ళాను గనుక అక్కడే వేసి చూసుకున్నాం. ఊగిసలాట లేకుండా, తన బరువుకు తానే మెల్లగా జారింది.

ఇంటికి వచ్చాక ఆ పరికరాన్నే పరీక్షించాను. మా ఇల్లు కట్టిన మేస్త్రీ రసమట్టాన్ని గోడ మీద ఒకసారి పెట్టి చూసి, తలకిందులు కాకుండా కుడి ఎడమలు మార్చి మళ్ళీ పెట్టి చూసేవాడు. రెండుసార్లూ బుడగ ఒకచోటే నిలిస్తేనే నమ్మేవాడు. నేనూ బిళ్ళను పళ్లెం మీదికి దింపి, సందు ఎక్కడుందో చూసి, పళ్లాన్ని కదపకుండా బిళ్ళను సగం చుట్టు తిప్పాను. సందు బిళ్ళతో పాటు తిరిగితే తప్పు బిళ్ళది, ఉన్నచోటే ఉంటే తప్పు పళ్లానిది. సందు ఉన్నచోటే ఉంది. బాబాయ్ పని పాసైంది.

గురువారం, రాత్రి

ఈ రోజు సవరణ ఏదీ చేయలేదు. పాత అమరిక ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టుగా కొలిచాను. రిపేరు తొందరలో చాలామంది దాటవేసే అడుగు ఇదే. నేనూ ఇంతకుముందు ప్రతిసారీ దాటవేశాను.

సందు కొలవడానికి బైకుల వాల్వు సందులు చూసే ఫీలర్ గేజ్ (మందం మి.మీ.లలో తెలిసిన సన్నని బ్లేడుల కట్ట) వాడాను. 22 మి.మీ. అంచు మీద 0.1 మి.మీ. సందు అంటే సుమారు 0.26 డిగ్రీల వాలు. కలెక్టివ్ మధ్యలో ఉన్నప్పుడు 0.05 బ్లేడు కూడా ఎటువైపూ దూరలేదు, అంటే పళ్లెం అచ్చంగా మట్టంగా ఉంది. రెండేళ్ళుగా నేను చూసి తృప్తిపడుతున్నది ఈ ఒక్క స్థానాన్నే. కలెక్టివ్‌ను పూర్తిగా పైకి పంపితే కుడి వెనుక మూలలో 0.40 బ్లేడు దూరింది, అది దాదాపు ఒక డిగ్రీ వాలు. పూర్తిగా కిందికి దింపితే ఎడమవైపు 0.20 దూరింది. పైన కుడి వెనక్కి, కింద ఎడమకు అన్న ఈ వాలు, గాలిలో హెలికాప్టర్ చేస్తున్న తప్పుడు పనికి సరిగ్గా సరిపోయింది.

ఒకే కారణం ఈ రెండు వాలులనూ ఇవ్వలేదు. అందుకే పళ్లాన్ని వదిలి, ఒక్కొక్క బాల్ మధ్య నుంచి పైకి ఎంత వెళ్తోందో, కిందికి ఎంత వెళ్తోందో వెర్నియర్‌తో విడివిడిగా కొలిచాను. చేతి వణుకు పోగా వచ్చిన అంకెలు ఇవి: కుడి బాల్ పైకి 6.5 మి.మీ., కిందికి 6.5. ఎడమ బాల్ పైకి 6.75, కిందికి 6.75. వెనుక బాల్ పైకి 6.3, కిందికి 6.65.

ఈ మూడు వరుసలూ చూడగానే విషయం విడిపోయింది. ఎడమ బాల్ రెండు వైపులా ఎక్కువ నడుస్తోంది, అంటే దాని సర్వో హార్న్ (సర్వో తిప్పే చేయి) మిగతావాటికంటే పొడవు. సర్వో రెండు వైపులా 30 డిగ్రీలు తిరిగేలా యూనిట్‌లో పెట్టాను, 13 మి.మీ. హార్న్ మీద 30 డిగ్రీలంటే 6.5 మి.మీ. కదలిక, 13.5 మి.మీ. హార్న్ మీద 6.75. వెర్నియర్ పెట్టి చూస్తే నిజంగానే ఎడమ హార్న్‌లో బాల్ 13.5 దగ్గర ఉంది. ఆ హార్న్ రంధ్రాన్ని ఎప్పుడో స్పేర్ దొరకనప్పుడు నేనే చేతి డ్రిల్లుతో వేశాను. అర మిల్లీమీటరు ఏముందిలే అనుకున్న గుర్తు.

వెనుక బాల్ కథ వేరు. అది పైకి తక్కువగా, కిందికి ఎక్కువగా నడుస్తోంది, అంటే మధ్యస్థానంలో దాని హార్న్ లింకుకు లంబంగా లేదు. సర్వో తిరిగేది వృత్తంలో, లింకుకు కావలసింది నిలువు కదలిక. హార్న్ లింకుకు 90 డిగ్రీల్లో ఉన్నప్పుడు మాత్రమే అటు 30, ఇటు 30 డిగ్రీలు సమానమైన ఎత్తు, సమానమైన లోతు ఇస్తాయి. హార్న్ ముందే 6 డిగ్రీలు పైకి లేచి ఉంటే, పైకి వెళ్ళేటప్పుడు 6 నుంచి 36 దాకా తిరుగుతుంది, కిందికి వచ్చేటప్పుడు 6 పైనుంచి 24 కిందిదాకా తిరుగుతుంది. లింకు నిటారుగా ఉందనుకుని సైన్ విలువలు వేస్తే 13 మి.మీ. హార్న్‌కు పైకి 6.28, కిందికి 6.65 వస్తాయి. నా కొలతకూ ఈ లెక్కకూ తేడా వెంట్రుకంత.

ఆ 6 డిగ్రీలు ఎలా వచ్చాయో కూడా గుర్తుకు వచ్చింది. నేల తగిలినప్పుడు విరిగిన వెనుక లింకు స్థానంలో కొత్తది చేసి, పొడవును కంటితో పోల్చి బిగించాను. అది 1.4 మి.మీ. పొట్టిగా ఉంది. పళ్లెం వెనక్కి వాలితే లింకు పొడవు చూసుకోకుండా యూనిట్‌లో సబ్ ట్రిమ్ తిప్పి వెనుక సర్వోను పైకి లేపేశాను. పళ్లెం మధ్యలో మట్టమైంది, హార్న్ లంబం పోయింది. సబ్ ట్రిమ్‌తో వచ్చిన మట్టం మధ్య బిందువులో మాత్రమే నిలుస్తుంది. అక్కడి నుంచి ఎటు కదిలినా కరిగిపోతుంది.

ఇక్కడ ఒక ఉపయోగకరమైన గుర్తు దొరికింది. హార్న్ లంబం తప్పితే ఆ బాల్ పై కొసలోనూ, కింది కొసలోనూ ఒకే దిక్కుకు తప్పుతుంది. నా వెనుక బాల్ రెండు కొసల్లోనూ ఉండవలసినదానికంటే కిందే ఉంది, పైన సుమారు 0.2, కింద 0.15 మి.మీ. హార్న్ పొడవు తేడా అయినా, సర్వో తిరుగుడు తేడా అయినా రెండు కొసల్లో వ్యతిరేక దిక్కులకు తప్పుతుంది. నా ఎడమ బాల్ పైన ఎక్కువ ఎత్తులో, కింద ఎక్కువ లోతులో ఉంది. పై కొసలో ఈ రెండు తప్పులూ ఒకదానికొకటి తోడై డిగ్రీ వాలు చేశాయి. కింది కొసలో వెనుక వంపును ఎడమ బాల్ దాదాపు మింగేసి, ఎడమ వాలు మాత్రం మిగిల్చింది. రెండు జబ్బులు ఒకే రోగిలో ఉంటే లక్షణాలు ఎందుకంత గందరగోళంగా కనబడతాయో మా వీధి డాక్టరు చెప్పినప్పుడు అర్థం కాలేదు గానీ ఇప్పుడు అర్థమైంది.

నా యూనిట్‌లో ప్రతి సర్వోకూ మధ్యస్థానం సవరించే వీలుంది, పై కొసా కింది కొసా విడివిడిగా సవరించే వీలు లేదు. అలా ఉన్నా వాడేవాణ్ణి కాదేమో. హార్న్ సరిగ్గా ఉంటే ఆ అవసరమే రాదు.

శనివారం, మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా

ఒకే ప్యాకెట్‌లోని మూడు కొత్త హార్న్‌లు, మూడింటికీ ఫ్యాక్టరీ రంధ్రాలే, అన్నిటిలో బాల్ 13 మి.మీ. దగ్గరే. పాతవి తీసేశాను. యూనిట్‌ను సెటప్‌లో పెట్టి, సబ్ ట్రిమ్‌లు సున్నా చేసి, సర్వోలన్నీ 1520 మైక్రోసెకన్ల సంకేతానికి వచ్చే మధ్యస్థానంలో నిలబడగా హార్న్‌లు ఎక్కించడం మొదలుపెట్టాను.

సర్వో షాఫ్ట్ మీద పళ్ళు లెక్కపెడితే 21 వచ్చాయి. ఒక పన్ను జరిపితే హార్న్ 17 డిగ్రీల పైచిలుకు తిరుగుతుంది. అంటే అదృష్టం బాగాలేకపోతే హార్న్ లంబానికి 8 డిగ్రీల పైన దూరంలో ఆగిపోవచ్చు, దానికి సబ్ ట్రిమ్ ఒక్కటే దిక్కు అనిపిస్తుంది. అలా కానక్కరలేదు. నాలుగు చేతుల హార్న్ తీసుకుంటే, 21ని 4 నిశ్శేషంగా భాగించదు గనుక, పక్క చేతిని అదే దిక్కుకు తెచ్చినప్పుడు అది పావు పన్ను జరిగి కూర్చుంటుంది. పావు పన్ను అంటే 4.3 డిగ్రీలు. నాలుగు చేతులనూ ఒకదాని తర్వాత ఒకటిగా ప్రయత్నిస్తే అత్యంత దురదృష్టంలోనూ లంబానికి 2.1 డిగ్రీలకు మించి తేడా ఉండదు. సర్వోకు 24 పళ్ళుంటే ఈ ఉపాయం పనిచేయదు, నాలుగు చేతులూ ఒకేచోట కూర్చుంటాయి. 25 పళ్ళుంటే పనిచేస్తుంది.

లంబం చూడడానికి మందపాటి అట్టముక్కను మడిచి కోసి చిన్న మూలమట్టం చేసుకున్నాను. ఒక అంచును లింకు వెంట, రెండో అంచును హార్న్ మధ్యరేఖ వెంట పట్టి చూడాలి. సర్వో పెట్టెకు లంబమా అని చూడడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు. నా హెలికాప్టర్‌లో పక్క లింకులు కొద్దిగా ఏటవాలుగా వెళ్తాయి, కాబట్టి లింకుకు లంబమైన హార్న్ సర్వో పెట్టెకు లంబంగా కనిపించదు. ఒక్కొక్క సర్వోకు నాలుగు చేతులూ వేసి చూసి, బాగా కుదిరిన చేతికి మార్కర్‌తో చుక్క పెట్టి, మిగతా మూడింటినీ కట్టర్‌తో తుంచాను. కుడి సర్వోకు మూడో ప్రయత్నంలోనే లంబం పడింది. ఎడమకు నాలుగూ చూడవలసి వచ్చింది. వెనుక సర్వోకు నాలుగింటిలో మంచిది కూడా సుమారు 2 డిగ్రీలు కిందికి ఉంది, దానికి యూనిట్‌లో దాదాపు 20 మైక్రోసెకన్ల సవరణ ఇచ్చాను. హార్న్‌ను లంబానికి తేవడానికి వాడిన సబ్ ట్రిమ్‌తో నాకు తగాదా లేదు. పళ్లాన్ని లాగడానికి వాడినదే నన్ను ముంచింది.

ఆ తర్వాత లింకులు. పక్క లింకులు రెండూ మాన్యువల్ చెప్పిన పొడవుకు, బాల్ మధ్య నుంచి బాల్ మధ్యకు కొలిచి, ఒకదానికొకటి సమానంగా చేశాను. వెనుక లింకును మూడు చుట్లు విప్పాను. ఇది ఎం2 కడ్డీ, ఒక చుట్టుకు 0.4 మి.మీ. మర. నా బాల్ లింకులకు ఒక ముఖమే బాల్ మీద సరిగ్గా కూర్చుంటుంది, అక్షరం ఉన్న వైపు బయటికి ఉండాలి. అందువల్ల అర చుట్టు తిప్పే అవకాశం లేదు. పళ్లెం మధ్య నుంచి బాల్‌కు 15 మి.మీ.; ఒక బాల్ నుంచి మిగతా రెంటినీ కలిపే గీతకు దానికి ఒకటిన్నర రెట్లు, 22.5 మి.మీ. కాబట్టి ఒక లింకును ఒక చుట్టు తిప్పితే పళ్లెం డిగ్రీ వాలుతుంది. లింకు ముతక సవరణ మాత్రమే అని దీన్ని బట్టే తెలుస్తుంది.

బిళ్ళను దింపి చూస్తే వెనుక ఇంకా 0.2 మి.మీ. సందు ఉంది. ఇంకో చుట్టు విప్పితే అది ముందుకు మారుతుంది. ఈ మిగులుకు సబ్ ట్రిమ్ వాడాను, దానివల్ల హార్న్ డిగ్రీలోపు లంబం తప్పుతుంది. అది భరించదగినదా అని మళ్ళీ లెక్క వేశాను. ఒక డిగ్రీ తప్పిన హార్న్ కొసల్లో చేసే తేడా సుమారు 0.03 మి.మీ.; 6 డిగ్రీలు తప్పినది చేసేది 0.2 దగ్గర. సబ్ ట్రిమ్ ఎంతవరకు వాడవచ్చు అన్న ప్రశ్నకు నా కొలతల్లో ఇదే జవాబు.

రాత్రి పదింటికి చివరి కొలతలు తీశాను. మధ్యలో 0.05 బ్లేడు ఎటూ దూరలేదు. కింది కొసలో దూరలేదు. పై కొసలో వెనుకవైపు మాత్రం 0.05 బ్లేడు బిగువుగా కొంత దూరి ఆగింది, అంటే 0.13 డిగ్రీలకు అటూ ఇటూ. సర్వో గేర్లలో ఉన్న లూజు అంతకంటే ఎక్కువ. వేలితో హార్న్‌ను మెల్లగా ఊపితే తెలుస్తూనే ఉంది. ఇక దీని వెంట పడడం లేదు.

ఆదివారం, పొద్దున

తల ఎక్కించాను. తలను షాఫ్ట్‌కు పట్టి ఉంచే ఒంటరి బోల్టును హెలికాప్టర్ల లోకం జీసస్ బోల్ట్ అంటుంది, అది ఊడితే ఆయనే దిక్కని. నైలాన్ నట్టు రెండుసార్లకు మించి విప్పి ఉంది కాబట్టి కొత్తది వేశాను.

పళ్లెం మట్టమయ్యాక రెక్కల లింకుల వంతు. రెండు లింకులూ వెర్నియర్‌తో సమానం చేసి, కలెక్టివ్ మధ్యలో, రెక్క కోణం కొలిచే పిచ్ గేజ్ పెడితే రెండు రెక్కలూ సున్నాకు దగ్గరగా వచ్చాయి. గేజ్‌ను నమ్మకుండా ఇంకో పరీక్ష కూడా చేశాను: రెక్కలు రెండింటినీ తోక వైపుకు మడిస్తే కొసలు ఒకదానిపై ఒకటి ఎదురెదురుగా కలవాలి. కలిశాయి. యూనిట్ సైక్లిక్ నిర్ధారణ కోసం రెక్కను తోక గొట్టం దిక్కుకు సమాంతరంగా పెట్టి, పక్కకు సైక్లిక్ ఇచ్చినప్పుడు సరిగ్గా 6 డిగ్రీలు రావాలంటుంది, అది పెట్టాను. కలెక్టివ్ అటు 11, ఇటు 11.

పూర్తి కలెక్టివ్‌లో కర్రను గుండ్రంగా తిప్పుతూ సర్వోల చప్పుడు విన్నాను. ఎక్కడైనా గురగురమంటే ఏదో తగులుతోందన్నమాట. కింది కొసలో వెనక్కి పూర్తిగా ఇచ్చినప్పుడు ఎడమ లింకు ఫ్రేమ్ అంచును ఒరుసుకుంది. సైక్లిక్ పరిమితిని ఒక మెట్టు తగ్గించాక పోయింది. పళ్లెం షాఫ్ట్‌తో పాటు తిరిగిపోకుండా వెనుక పిన్నును పట్టుకునే బ్రాకెట్‌లో పిన్ను పైనుంచి కిందిదాకా స్వేచ్ఛగా జారుతోంది, పక్కలకు మాత్రం లూజు లేదు.

మరుసటి ఆదివారం, తెల్లవారుజాము

కోత అయిపోయిన మా బావ పొలం. డ్రోన్ల వంటివి ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ఆ ఊరు ఆకుపచ్చ మండలంలో ఉంది. గాలి లేని సమయం కావాలని ఆరింటికల్లా అక్కడికి చేరాం. ఒక రెక్క కొసకు ఎర్ర టేపు, రెండో రెక్కకు అంతే పొడవు పచ్చ టేపు వేశాను. ఒకదానికే వేస్తే బరువు తేడాకు తల ఊగుతుంది. తల వేగం పుంజుకున్నాక బావ పక్క నుంచి, కళ్ళకు సమానమైన ఎత్తులో, బాగా దూరంగా నిలబడి చూశాడు. రెండు రంగులూ ఒకే గీతలో ఉన్నాయన్నాడు.

నడుము ఎత్తులో నిలబెట్టి జైరో గెయిన్‌ను రెండు నెలల కిందటి విలువకు తగ్గించాను. వణుకు పోయింది. తర్వాత మూడంతస్తుల ఎత్తుకు తీసుకువెళ్ళి, ముక్కు అవతలికి పెట్టి, కలెక్టివ్‌ను ఒక్కసారిగా నెట్టాను. వెనక్కి ఒరగలేదు, కుడికి వాలలేదు. బావికి కట్టిన చేద తాడును పైకి లాగినట్టు నిటారుగా లేచింది. పై నుంచి కలెక్టివ్ లాగేస్తే అంతే నిటారుగా దిగింది. నా చెయ్యి అలవాటు కొద్దీ ఎడమ వాలుకు విరుగుడుగా కుడికి కర్ర ఇచ్చేసింది, ఆ ఒక్క తప్పూ నాదే. అలా ఎనిమిదిసార్లు ఎక్కించి దించాను. పైకి నెట్టినప్పుడు తోక మాత్రం ఒక్క క్షణం ఎడమకు తన్ని మళ్ళీ సర్దుకుంటోంది. అది తోక సర్వో సంగతి, పళ్లానిది కాదు.

రెండో బ్యాటరీ అయ్యాక ఇంటికి తెచ్చి, తల విప్పి, బిళ్ళను మళ్ళీ దింపాను. మధ్యలో మార్పు లేదు. పై కొసలో వెనుక 0.05 బ్లేడు ఇంతకుముందు బిగువుగా దూరేది, ఇప్పుడు వదులుగా దూరుతోంది. వెనుక హార్న్ స్క్రూ పావు చుట్టు వదులైంది. ఇనుప గేర్ల సర్వో కాబట్టి స్క్రూకు చుక్క థ్రెడ్‌లాక్ (మర వదులవకుండా పట్టే జిగురు) పెట్టి బిగించాను, మిగతా రెండింటికీ అలాగే చేశాను. బ్లేడు మళ్ళీ బిగిసింది. మూడు లింకుల పొడవులూ, మూడు సబ్ ట్రిమ్ అంకెలూ, మూడు స్థానాల సందులూ నోటు పుస్తకంలో రాసి, తలకు ఇంకో కొత్త నైలాన్ నట్టు వేశాను. పెట్టెలో ఒకటే మిగిలింది.